బుజ్జికి, తెనాలి నుంచి

తెనాలి,
ఆదివారం.

చి. మాధవికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేము క్షేమం. మీ నాన్నగారి షుగర్ అదుపులోనే ఉంది, స్వీట్ల డబ్బా మాత్రం నా అదుపులో లేదు. బోరు మోటారు మళ్ళీ కాలిపోయింది. వెనక వాటాలో కొత్తగా దిగినవాళ్ళు మంచివాళ్ళే గానీ రాత్రి పదకొండుకి మిక్సీ వేస్తారు.

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అని మెసేజ్ వస్తోంది. అన్ని మీటింగులు పెట్టే యూనివర్సిటీ ఏదో నాకు తెలియదు. ఫోన్లో అయితే మధ్యలో "సరే, ఉంటా" అనేస్తావు, కాగితమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను. ప్రత్యేకంగా ఏమీ లేదు.

మొన్న కనకం అత్తయ్య వచ్చింది. వాళ్ళ మనవడు మీ క్యాంపస్‌లోనే కదా, వాడేదో అన్నాడని ఈవిడేదో చెప్పింది. నీ క్లాసు అర్థం కావట్లేదని పిల్లలు సంతకాలు పెట్టి హెచ్‌ఓడీకి కాగితం ఇచ్చారట. నువ్వు ఉద్యోగం మానేసి హైదరాబాద్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్ళిపోతానన్నావట. నేను పట్టించుకోలేదు. సుబ్బు పెళ్ళి ఆగిపోయిందని ఊరంతా చెప్పొచ్చింది కూడా ఈవిడే, వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు.

ఇంతకీ ఆ కాగితంలో ఏం రాశారు? చెప్పకపోయినా పర్లేదులే.

మిరియాల పాలు తాగుతున్నావా? మైకు లేకుండా ఎనభైమందికి వినిపించాలని అరిస్తే రెండేళ్ళలో గొంతు పోతుంది. మైకు ఇవ్వకపోతే నువ్వే ఒకటి కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను. వెనక బెంచీ వాడికి సగం మాటలు వినిపించక, మిగతా సగంతో ఫిజిక్స్‌లో లెంజ్ నియమం ఎలా అర్థమవుతుంది?

మన దేశంలో ఒక విచిత్రం ఉంది. ఆరో తరగతికి సైన్సు చెప్పాలంటే బి.ఎడ్. లాంటిది చెయ్యాలి, పాఠం ఎలా చెప్పాలో నేర్చుకోవాలి. ఎం.ఎస్సీ. పిల్లలకి చెప్పాలంటే నెట్ పరీక్షో, పిహెచ్.డి.నో ఉంటే చాలు. ఐదేళ్ళు లేబొరేటరీలో క్రిస్టల్స్ పెంచినదాన్ని ఒక సోమవారం పొద్దున తీసుకొచ్చి ఎనభైమంది ముందు నిలబెట్టారు. అది నీ లోపం కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత లెక్చరర్లకి శిక్షణ ఇచ్చే అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది ఇందుకే. తర్వాత వాటిని హెచ్‌ఆర్‌డీసీలు అన్నారు, 2023 నుంచి మాలవీయ మిషన్ అంటున్నారు. బోర్డు ఎన్నిసార్లు మార్చినా పని అదే. కొత్త లెక్చరర్లకి నెల రోజుల ఇండక్షన్ ప్రోగ్రాం ఉంటుంది, గురుదక్షత అని 2019లో యూజీసీ పెట్టింది. నువ్వు ఇంకా వెళ్ళలేదనుకుంటాను. ప్రమోషన్ కోసం సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ళు, వెనక కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్ళు అక్కడా ఉంటారు. నువ్వు ముందు కూర్చో.

నేను లెక్చరర్‌గా విశాఖపట్నంలో అలాంటి ఓరియంటేషన్‌కి వెళ్ళినప్పుడు ఒకాయన చెప్పిన సంగతి ఇప్పటికీ గుర్తుంది. మేరీ బడ్ రో అని అమెరికాలో ఒకావిడ క్లాసురూముల్లో టేపులు పెట్టి లెక్కేసింది. టీచరు ప్రశ్న అడిగాక సుమారు ఒక్క సెకను ఆగుతుందట, అంతే. తనే జవాబు చెప్పేస్తుంది, లేకపోతే ఇంకొకరి మీదకి వెళ్ళిపోతుంది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయట, ఎప్పుడూ పలకనివాళ్ళు పలుకుతారట. తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులోకి మార్చుకుని, తప్పేమోనని ఒకసారి సరిచూసుకుని నోరు తెరిచే పిల్లకి మూడు చాలవు. ఐదు ఆగు. అంతసేపు నిశ్శబ్దం భరించడం కష్టంగానే ఉంటుంది, బోర్డు తుడుచుకో.

ఆంధ్రాలో డిగ్రీ అంతా 2021-22 నుంచి ఇంగ్లీష్ మీడియమే కదా. మీడియం మారినంత తేలిగ్గా పిల్లల చెవులు మారవు. పదో తరగతి దాకా తెలుగులో చదివినవాళ్ళు నీ క్లాసులో ఎంతమందో ఎప్పుడైనా అడిగావా? పాఠం ఇంగ్లీషులోనే చెప్పు, డౌటు మాత్రం తెలుగులో అడగనివ్వు. "అర్థమైందా?" అని అసలు అడగొద్దు. "అయింది మేడమ్" అని అందరూ అంటారు. చివరి మూడు నిమిషాలు చిన్న చీటీల మీద, పేరు లేకుండా, అర్థం కానిది ఒక్కటి రాయమను. రేపటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో అవే చెబుతాయి.

మూర్తి మాస్టారి సంగతి నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్ళీ విను. ఎకనామిక్స్ ఆయన, మన క్వార్టర్స్‌లో కుడివైపు ఇల్లు. ఆయన క్లాసులో చూపు లేని కుర్రాడొకడు చేరాడు. మాస్టారు డిమాండు, సప్లయి గీస్తూ "ఈ గీత ఇలా దిగుతుంది, ఇది ఇలా ఎక్కుతుంది, రెండూ ఇక్కడ కలుస్తాయి" అంటున్నారు. "ఇక్కడంటే ఎక్కడ సార్?" అన్నాడు కుర్రాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. స్టాఫ్ రూమ్‌కి వచ్చి సుద్దముక్క పక్కన పెట్టి, "ఇన్నేళ్ళుగా వేలితోనే పాఠం చెప్తున్నానండీ" అన్నారు. ఆ సాయంత్రం మా ల్యాబ్ అటెండరు యేసోబు, నేను, ఆయన కూర్చుని, అట్ట మీద జిగురుతో దారాలు అంటించాం. మర్నాడు ఆ కుర్రాణ్ణి పిలిచి చేతికిచ్చారు. వాడు వేళ్ళతో తడిమి, "రెండు దారాలూ ఒకేలా ఉన్నాయి సార్, ఏది డిమాండో తెలియట్లేదు" అన్నాడు. ముగ్గురం మొహాలు చూసుకున్నాం. యేసోబు వెళ్ళి పురికొస తెచ్చాడు. పురికొస డిమాండు, నైలాన్ దారం సప్లయి, అవి కలిసిన చోట ఒక చొక్కా గుండీ. ఆ రోజు నుంచి మాస్టారు బోర్డు మీద ఏం రాసినా నోటితో కూడా చెప్పడం అలవాటు చేసుకున్నారు: "నిలువు గీత ధర, అడ్డగీత పరిమాణం, ధర పెరిగినకొద్దీ కొనేవాళ్ళు తగ్గుతారు కనక ఈ గీత ఎడమ నుంచి కుడికి దిగుతుంది." కొన్నాళ్ళకి ఆ అట్ట కనిపించకుండా పోయింది. చూస్తే హాస్టల్లో ఉంది. కళ్ళున్న పిల్లలు పరీక్షకి చదువుకోవడానికి పట్టుకెళ్ళారు.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఇప్పుడు ప్రభుత్వ కాలేజీల్లో వాళ్ళ సీట్లు కనీసం ఐదు శాతం. గుర్తించిన వైకల్యాలు 21 రకాలు, వాటిలో చాలావాటిని మనిషిని చూసి పోల్చుకోలేవు. సీటు చట్టం ఇస్తుంది, అట్ట మీద దారం అంటించడం లెక్చరర్ పనే. ఒక్కదానివే చెయ్యాలనేం లేదు. మీ డిపార్ట్‌మెంట్‌లో బాగా చెప్పే పెద్దావిడ ఎవరో ఉన్నారన్నావు, వెళ్ళి ఆవిడ క్లాసులో వెనక కూర్చో. నీ క్లాసుకి కూడా ఒకసారి రమ్మను. ప్రశ్నలన్నీ ఎవరి వైపు చూసి అడుగుతున్నావో రాసిపెట్టమను. ప్రాక్టికల్స్‌లో చూశావా, మీటర్లు తిప్పేది అబ్బాయిలు, రికార్డు రాసేది ఆడపిల్లలు. వారం వారం మార్చు, వాళ్ళంతట వాళ్ళు మార్చుకోరు.

లెక్చరు ఇవ్వకూడదనుకునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ నాన్నగారు వెనక నుంచి "బెల్లు కొట్టమంటావా?" అంటున్నారు.

సంతకాలు పెట్టినవాళ్ళ మీద కోపం పెట్టుకోకు. నీ క్లాసు వద్దనుకున్నవాడు క్యాంటీన్‌కి పోతాడు, కాగితం రాయడు. అలాంటిదేమీ జరగకపోతే ఈ మాట వదిలెయ్. జరిగితే మాత్రం హెచ్‌ఓడీ గారు ఏమన్నారో నాకు చెప్పు. సాఫ్ట్‌వేర్‌కి పోవాలనిపిస్తే పో, నేను కాదనను, మీ నాన్నగారూ అనరు. కానీ ఇండక్షన్‌కి వెళ్ళొచ్చాక, ఒక సెమిస్టర్ చెప్పాక వెళ్ళు. ఇప్పుడే అయితే నేను ఒప్పుకోను.

గోంగూర పచ్చడి, కారప్పొడి, సున్నుండలు కొరియర్ చేశాను. పచ్చడి డబ్బా మూత సరిగ్గా పట్టలేదు, కవరు మెల్లిగా విప్పు. పొద్దున ఫస్ట్ అవరుంటే టిఫిన్ మానేస్తున్నావని తెలుసు. రెండు సున్నుండలు తినైనా వెళ్ళు.

ఇట్లు,
అమ్మ

తా.క.: ఇండక్షన్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలట, దాంతోపాటు మీ ప్రిన్సిపాల్ గారి అనుమతి కాగితం కూడా అడుగుతారు. ఆయన సెలవు మీద వెళ్ళకముందే సంతకం పెట్టించుకో. పెట్టించాక ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.