నిషేధం కాదు, నియంత్రణ కావాలి

సంపాదకులకు నమస్కారం.

దేశవ్యాప్త మద్యనిషేధం కోరేవారి ఆవేదన అర్థం చేసుకోదగినదే. రాజ్యాంగం 47వ అధికరణం కూడా ఆ దిశగా ప్రయత్నించమనే చెబుతోంది. అయితే అదే రాజ్యాంగం మత్తు పానీయాలను రాష్ట్రాల జాబితాలో చేర్చిందన్న సంగతి మరవరాదు.

నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో ఊపందుకున్న సారా వ్యతిరేక ఉద్యమ ఫలితంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1993లో సారాను, 1995లో మద్యాన్ని నిషేధించారు. సరిహద్దులు దాటి సీసాలు వస్తూనే ఉండగా, ఊళ్లలో గుడుంబా బట్టీలు రాజుకోగా, 1997లో ఆ నిషేధాన్ని సడలించక తప్పలేదు. 2016 నుంచి నిషేధం అమలవుతున్న బిహార్‌లో, 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారాకు డెబ్బై మందికి పైగా బలయ్యారు. చాటుగా కాచే సారాలో మిథనాల్ కలిస్తే కొద్ది మోతాదుకే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. తాగినవాడు కేసుకు భయపడి ఆసుపత్రికి ఆలస్యంగా వెళ్తాడు.

ఎక్సైజ్ రాబడి పోతుందన్న వాదన నాది కాదు, అది ఖజానా చూసుకోవలసిన విషయం. కల్లునూ నిషేధిస్తే తాటి, ఈత చెట్లెక్కి బతికే గీత కార్మికులకు దారేదన్నదే నా ప్రశ్న.

హైదరాబాద్‌లో సాయంత్రమైతే వైన్ షాపుల ముందు ఫుట్‌పాత్ మీదే ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు పరచుకుని తాగుతుంటే ఆడవాళ్లు రోడ్డు దిగి నడవవలసి వస్తోంది. ఉన్న నిబంధనలతోనే దీన్ని ఆపవచ్చు. బెల్టు షాపులను మూయించి, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వ్యసన విముక్తి కేంద్రాన్ని సక్రమంగా నడపాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్