కొత్త వెర్షన్ అందరికీ ఒకేసారి వద్దు

సంపాదకులకు నమస్కారం.

పలాసలో నాకు మందుల దుకాణం ఉంది. మొన్న సోమవారం షట్టర్ ఎత్తి కంప్యూటర్ తెరిస్తే, బిల్లుల సాఫ్ట్‌వేర్ రాత్రికి రాత్రే మారిపోయింది. గడువు తేదీల గడులన్నీ ఖాళీ. ఉద్దానం నుంచి కిడ్నీ మందులకు వచ్చిన పెద్దాయన, మడిచిన చీటీ చేత్తో పట్టుకుని గంటన్నర బల్ల మీదే కూర్చున్నారు. నేను ఒక్కో స్ట్రిప్పు తిప్పి తేదీ చూసుకుంటూ చేత్తో బిల్లు రాశాను. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే, పాత వెర్షన్‌కు వెళ్లే వీలు లేదన్నారు. నన్ను బాధించింది ఆ మాటే.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. ముందు కొద్దిమందికే పంపి చూసి ఉంటే నష్టం అక్కడితో ఆగేది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు నా మనవి ఇదే. వంద దుకాణాలుంటే కొత్త వెర్షన్ మొదట రెండింటికి, అదీ వాళ్లకు చెప్పి ఇవ్వండి. రెండు రోజులు గమనించి పదింటికి, ఆ తర్వాతే అందరికీ. కొత్తది రాసిన లెక్కలను పాతది కూడా చదవగలగాలి. లేకపోతే వెనక్కి మళ్లినా ఫలితం లేదు. నెల మొదటి వారంలో మాత్రం ముట్టుకోకండి. పింఛను చేతికి అందగానే పెద్దవాళ్లు మందులకు వచ్చేది అప్పుడే.

– ఒక మందుల దుకాణదారు, పలాస, శ్రీకాకుళం జిల్లా