పాత పెట్టెను పారెయ్యకు బావా

విజయవాడ, సత్యనారాయణపురం
కార్తీక సోమవారం

ఒరేయ్ బావా,

నీ మెయిల్ చూశాను. నాలుగు ముక్కలు రాసి నా చేత నలభై ముక్కలు రాయించుకోవడం నీకు కాలేజీ నాటి నుంచీ అలవాటే. "విండోస్ 10 అయిపోయిందట, 11 ఎక్కదట, ఈ డబ్బా ఎవరికైనా ఇచ్చేసి లాప్‌టాప్ కొననా?" అని అడిగావు. వద్దు. కొనాలనిపిస్తే కొనుక్కో, నీ డబ్బులు నీ ఇష్టం. కానీ ఈ కారణం చెప్పి మాత్రం కొనకు.

2025 అక్టోబర్ 14తో అయిపోయింది విండోస్ 10 కాదు, దానికి ఊరికే వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు. మర్నాడు పొద్దున్న కంప్యూటర్ ఆన్ అయింది కదా నీకు? అలాగే అవుతూ ఉంటుంది. మెల్లమెల్లగా రక్షణ తగ్గుతుంది, అంతే. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్లి రిజిస్టర్ చేసుకుంటే ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు. ముందు ఆ పని చెయ్యి. నీది నాలుగో తరం ఐ5 ప్రాసెసర్. విండోస్ 11 వాడు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి రమ్మంటాడు, పైగా టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు అడుగుతాడు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నాయి, చాలామంది ఎక్కించుకుంటున్నారు కూడా. అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. రోజూ బ్యాంకు పని చేసుకునే మిషన్ మీద ఆ ప్రయోగం నేనైతే చెయ్యను.

ఇక రెండో బాధ రాశావే, ఏ సైట్ తెరిచినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోందని, వైరస్సేమోనని. వైరస్సూ కాదు, గాడిదగుడ్డూ కాదు. కింద మూలనున్న గడియారం చూడు. 2013లోనో 2014లోనో ఉంటుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. మెయిన్స్ తీసేసినా గడియారం నడిచేది దాని వల్లే. అది చచ్చిపోతే కంప్యూటర్ పుట్టిన ఏడాదికి పోయి కూర్చుంటుంది. సైట్ అసలైనదేనని చెప్పడానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో రాసి ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు నా సైట్‌కి ఉచితంగా ఇచ్చేది 90 రోజులకే. నీ కంప్యూటర్ లెక్కలో అది ఇంకా పుట్టనేలేదు, అందుకే నమ్మనంటోంది. సీఆర్ 2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, పక్కనున్న క్లిప్పు వెనక్కి నెడితే పాతది పైకి లేస్తుంది. కొత్తదాని ప్లస్ గుర్తు పైకి ఉండాలి. తర్వాత బయోస్‌లోకి, అంటే ఆన్ అయ్యేటప్పుడు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి తేదీ సరిచెయ్యి. దీనికి టెక్నీషియన్‌ని పిలిచావంటే మాత్రం నేను మాట్లాడను.

అసలు డబ్బు పెట్టాల్సింది డిస్క్ మీద. నీ పెట్టెలో ఇంకా తిరిగే హార్డ్‌డిస్కే కదా. అది నిమిషానికి 7200 చుట్లు తిరుగుతూ, ఒక్కో చిన్న ఫైలు కోసం ముల్లును అటూ ఇటూ పరిగెత్తిస్తుంది. విండోస్ లేచేటప్పుడు కావాల్సినవన్నీ అలాంటి చిన్న ఫైళ్లే, డిస్క్ నిండా చెల్లాచెదురుగా పడి ఉంటాయి. అందుకే నువ్వు స్విచ్ వేసి టీ పెట్టుకుని వచ్చినా అది ఇంకా గుండ్రాలు తిప్పుతూనే ఉంటుంది. దాని బదులు పెట్టే ఎస్సెస్‌డీ చిప్పుల మీద దాస్తుంది, అందులో తిరిగేదేమీ లేదు కాబట్టి ఆ వెతుకులాటే లేదు. నేను గవర్నర్‌పేటలో మామూలు సాటా (పాత డిస్క్ కేబుల్‌కే తగిలే రకం) ఎస్సెస్‌డీ ఒకటి కొని బిగించాను, మా ఆవిడ "కొత్త కంప్యూటర్ ఎంతకి కొన్నావు, నిజం చెప్పు" అని నిలదీసింది. బిల్లు చూపిస్తే గానీ నమ్మలేదు. పాత డిస్క్‌ని తీసి పారెయ్యకు, డేటా కోసం రెండో డిస్క్‌గా ఉంచుకో.

ర్యామ్ మాత్రం చూసుకుని కొను. నీ బోర్డుకి డీడీఆర్3 కావాలి. షాపువాడు డీడీఆర్4 అంటగడితే స్లాట్‌లో కూర్చోదు, గాటు వేరే చోట ఉంటుంది. 8 జీబీ ఉంటే నీకు చాలు.

దుమ్ము సంగతి నీకు పుణెలో తెలియదు గానీ, బెజవాడలో మే నెలంటే మనుషులకే ఫ్యాన్ చాలదు. మొన్న ఎండల్లో నా కంప్యూటర్ మధ్యాహ్నం రెండింటికల్లా ఠక్కున ఆగిపోయేది. విప్పి చూస్తే ప్రాసెసర్ మీదున్న అల్యూమినియం రేకుల మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది, ఫ్యాన్ తిరుగుతున్నా గాలి దిగే సందు లేదు. పైన డాబా మీదకి తీసుకెళ్లి బ్లోయర్‌తో కొట్టాను. ఒక చిట్కా: గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల మధ్య పెన్సిల్ పెట్టి ఆపు. లేకపోతే అది పిచ్చివేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్, అంటే ఆ రేకుల దిమ్మ తీశావంటే, దానికీ ప్రాసెసర్‌కీ మధ్యనున్న పాత థర్మల్ పేస్ట్ ఎండి సున్నంలా రాలుతుంది. శుభ్రంగా తుడిచి కొత్తది కందిపప్పంత పెట్టు చాలు. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు.

విండోస్ వద్దనుకునే రోజు వస్తే దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ పెట్టుకో. పెన్‌డ్రైవ్ మీద నుంచే నడిపి చూడొచ్చు, డిస్క్‌ని ముట్టుకోదు. సౌండ్, వైఫై, ప్రింటర్ అన్నీ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే ఎక్కించు. కాకపోతే మా చెల్లాయి ట్యాలీలో లెక్కలు రాస్తుందన్నావు కదా, అది విండోస్ సరుకు. ఆ ఒక్కదాని కోసం పాత డిస్క్‌లో విండోస్‌ని అలాగే ఉండనీ. నా డెస్క్‌టాప్ మీద మాత్రం మింటే. తెలుగు టైపింగ్‌కి ఏ ఇబ్బందీ లేదు, తెలుగు ఫాంట్లు దాంతోపాటే వస్తాయి.

ఇప్పుడు నా సైట్ కథ. దీని కోసమే ఇంత పెద్ద ఉత్తరం.

మన కాలువల పేజీలు గుర్తున్నాయా? ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, 1855 నాటి ఆనకట్ట, దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, అన్నిటికీ వేరువేరు పేజీలు, నేను తీసిన ఫోటోలు. అవన్నీ వర్డ్‌ప్రెస్‌లో ఉండేవి, అది రాతనంతా డేటాబేస్‌లో దాస్తుంది. హోస్టింగ్ కంపెనీ వాడు ఒక రోజు చెప్పాపెట్టకుండా సర్వర్ మార్చాడు. తెల్లారి చూస్తే కాలువల్లో నీళ్ల బదులు నెత్తిన గీతలున్న అ-లు, డిగ్రీ గుర్తులు, కొక్కేలు! ఒక్క తెలుగు అక్షరం లేదు. అడిగితే "మా వైపు నుంచి అంతా బాగానే ఉంది సార్" అన్నాడు.

నాకు కాసేపు చెమటలు పట్టిన మాట నిజమే. తర్వాత కూర్చుని చూస్తే విషయం తేలికే. యూటీఎఫ్-8 అంటే కంప్యూటర్ అక్షరాలని దాచుకునే పద్ధతి. అందులో మన తెలుగు కోడ్, అంటే అక్షరం గానీ గుణింతం గుర్తు గానీ, ఒక్కోటి మూడు బైట్లు. నా పాత డేటాబేస్ మీద ఎప్పుడో "లాటిన్1" (యూరప్ అక్షరాల పట్టిక) అని లేబుల్ పడింది. లోపలున్నది మాత్రం తెలుగు బైట్లే. పాత సర్వర్ ఆ లేబుల్‌ని పట్టించుకోకుండా ఉన్నదున్నట్టు ఇచ్చేది. కొత్తది బుద్ధిమంతురాలు, లేబుల్‌ని నమ్మి ఒక్కో బైటునీ ఒక్కో యూరప్ అక్షరంగా చదివింది. ఒక తెలుగు అక్షరం మూడు పిచ్చి అక్షరాలయింది. మందు ఏమిటంటే, డేటాబేస్‌ని లాటిన్1 అనే చెప్పి ఫైల్‌లోకి దించి, ఆ ఫైల్‌లో లేబుల్ మాత్రం యూటీఎఫ్8ఎంబీ4 (డేటాబేస్‌లో యూటీఎఫ్-8 పేరు) గా మార్చి, తిరిగి ఎక్కించడం. ఎక్కించి పేజీ రిఫ్రెష్ కొడితే "రైవస్ కాలువ" అని అక్షరాలా వచ్చింది. ఆ రోజు మా ఆవిడ చేత పెసరట్టు, ఉప్మా వేయించుకున్నాను.

ఇది గుర్తుపెట్టుకో: పిచ్చి గీతలు కనబడితే టెన్షన్ పడకు, బైట్లు ఎక్కడికీ పోలేదు, సాధారణంగా వెనక్కి తేవచ్చు. వరసగా ప్రశ్నార్థకాలు కనబడితేనే భయపడాలి. తెలుగుని దాచుకునే చోటు లేని పట్టికలోకి మార్చబోయి, కుదరక, ఒక్కో అక్షరం బదులు ఒక్కో ప్రశ్నార్థకం రాసేశాడన్నమాట. అక్కడ వెనక్కి తేవడానికి ఇంకేమీ మిగల్లేదు. బ్యాకప్ ఒక్కటే దిక్కు.

ఆ దెబ్బతో డేటాబేస్‌కి దండం పెట్టేశాను. ఇప్పుడు ప్రతి పేజీ ఒక మామూలు టెక్స్ట్ ఫైల్, మార్క్‌డౌన్ అనే సులువు గుర్తులతో. హ్యూగో అనే ప్రోగ్రామ్ వాటన్నిటినీ పేజీలుగా మార్చి ఒక ఫోల్డర్‌లో పెడుతుంది, దాన్ని సైట్లని ఉచితంగా ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లోకి నెట్టేస్తాను. అప్‌డేట్ చెయ్యాల్సిన ప్లగిన్‌లు లేవు, హ్యాక్ చెయ్యడానికి లాగిన్ పేజీ లేదు. హోస్టింగ్ ఖర్చు కూడా తప్పింది. మొదటి ఏడాది కారుచౌక అని రప్పించి, రెన్యూవల్‌కి నడ్డి విరిచేవాడు వాడు. డొమైన్‌కి మాత్రం కడుతున్నాను. ఇంట్లోనే సర్వర్ పెడదామనే దురద నీకు పుడుతుందని తెలుసు. మన ఇళ్ల ఇంటర్నెట్ కనెక్షన్లలో చాలావాటికి సొంత ఐపీ (నెట్‌లో ఇంటి చిరునామా) ఉండదు, పదిమందికీ ఒకటే. పైగా కరెంటు. యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్లకి చేతులెత్తేస్తుంది. వదిలెయ్.

పేజీల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టు, తెలుగు అభిమానం తర్వాత చూపిద్దువు గాని. లింకులో ఒక్కో తెలుగు కోడ్ శాతం గుర్తులతో కలిపి తొమ్మిది అక్షరాలవుతుంది. "బెజవాడ" అన్న ఒక్క మాటే 54 అక్షరాలు! వాట్సాప్‌లో పంపితే ఎవరూ నొక్కరు, వైరస్ అనుకుంటారు.

నువ్వు ఇంగ్లీషు సైట్ల కోసం చేసిన డిజైన్లు కాపీ కొడతావు కదా, వాటిల్లో రెండు మార్చుకో. లైన్‌కీ లైన్‌కీ మధ్య దూరం 1.4 పెడతారు వాళ్లు. మనకి కింద వత్తులు, పైన గుడులు. పై లైన్ "స్త్రీ"లోని వత్తు కింద లైన్ "కీ" గుడిని పొడుస్తుంది. 1.8 పెట్టు, ప్రాణం లేచొస్తుంది. అక్షరాల మధ్య ఖాళీ పెంచే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని సున్నా చెయ్యి. లేకపోతే కొన్ని బ్రౌజర్లలో గుణింతాలు విడివిడిగా తేలిపోతాయి. ఫాంట్ నీ ఇష్టం, నేను మండలి వాడుతున్నాను.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట్ కింద వ-వత్తు పడకుండా మధ్యలో కనబడని అక్షరం ఒకటి పెడతాం. అది పెట్టి రాసిన మాట, పెట్టకుండా రాసిన మాట కంప్యూటర్‌కి రెండు వేరు మాటలు. నా సైట్‌లో సెర్చ్ పెట్టాక సగం పేజీలు దొరకలేదు, కారణం ఇదే. ఇప్పుడు వెతికే ముందు రెండు వైపులా దాన్ని తీసేసి పోలుస్తున్నాను. 2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరం ఒకటి ఐఫోన్లని కూలగొట్టిందని గోల అయింది చూడు, అందులోనూ ఈ మహానుభావుడే. "జ్ఞ" తర్వాత ఇదీ, దాని పైన దీర్ఘం. మెసేజ్ తెరిస్తే యాప్ ఢమాల్. ఆపిల్ వాడు హడావిడిగా అప్‌డేట్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన జ్ఞానం అలాంటిది.

బ్యాకప్ గురించి ఉపన్యాసం ఇవ్వను. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా తమ్ముడి ఇల్లు కింది అంతస్తు మునిగింది. కంప్యూటర్, దాని పక్కనే సొరుగులో బ్యాకప్ డిస్క్, రెండూ ఒకే నీళ్లలో. పిల్లల ఫోటోలు మిగిలాయంటే తెనాలిలో మా చెల్లెలి దగ్గర ఒక కాపీ ఉండబట్టి. అందుకే నా కాపీ కూడా ఒకటి తెనాలిలో ఉంది, పండక్కి వెళ్లినప్పుడు మార్చి వస్తాను. తడిసిన డిస్క్‌కి ఎవరైనా కరెంటు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపు, ఆరినట్టు కనబడినా సరే.

అసలు సంగతి చివర్లో రాస్తున్నాను. మామయ్యగారు మొన్న ఫోన్ చేశారు. ఆయన వ్యాసాలు అప్పట్లో బ్రాడీపేటలో డీటీపీ చేయించిన సీడీ బీరువాలో ఉందట, నీ కంప్యూటర్‌లోకి ఎక్కించావట, తెరిస్తే ఇంగ్లీషు చెత్త వస్తోందని నువ్వు చెప్పావట. చెత్త కాదురా. అది అను ఫాంట్లలో కొట్టింది. అప్పటి పద్ధతి అదే, లోపల ఇంగ్లీషు కీలే ఉంటాయి, పైన తెలుగు ముక్కలు బొమ్మలుగా కనబడతాయి. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ఫాంట్ లేకపోతే అంతే. యూనికోడ్‌లోకి, అంటే అన్నిచోట్లా చదవగలిగే ఇప్పటి తెలుగులోకి, మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. వత్తుల దగ్గర తప్పులు పడతాయి కాబట్టి కూర్చుని చదవాలి. ఆ చదవడం నేను చేస్తాను, మామయ్యగారు పక్కనుంటే ఇంకా త్వరగా అవుతుంది. సీడీలు ఊరికే పెట్టినా పాడవుతాయి, పైపొర చెదిరిపోతుంది. అందుకని వచ్చే ఆదివారం గుంటూరు వెళ్లి తెచ్చుకుంటున్నాను. చదవలేకపోతే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో దొరికినంత లాగుతాను.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. డిస్క్ మార్చే ముందు, విండోస్ మార్చే ముందు, డీ డ్రైవ్‌లో ఉన్న ఆ ఫోల్డర్ మొత్తం, డీటీపీ చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లూ, ఫాంట్ల ఫోల్డరూ సహా, జిప్ చేసి నాకు పంపు. పేర్లు మార్చకు, తెరిచి సేవ్ కొట్టకు. ఫాంట్లు లేకుండా నాకు సీడీ దొరికినా సగం పనే. ఏ ఫాంటో తెలియకపోతే ఏ పట్టికతో మార్చాలో తెలియదు.

మా చెల్లాయికి, పిల్లలకి నా మాటగా చెప్పు. మదర్‌బోర్డు ఫోటో కూడా ఒకటి తీసి పంపు, బ్యాటరీ ఎక్కడుందో గుండ్రం చుట్టి ఇస్తాను.

నీ
బెజవాడ బావ