రంధ్రాలున్న అద్దాలకు ఇకపై పది రోజులు ఎక్కువ

మా దగ్గర జీరోడ్యూర్ (వేడికి దాదాపు సాగని గ్లాస్ సెరామిక్) అద్దాలు చేయించుకుంటున్న అందరికీ నమస్కారం.

వెనకవైపు రంధ్రాలు, గాడులు, బరువు తగ్గించే పాకెట్లు ఉన్న ప్రతి అద్దానికీ ఇకమీదట యాసిడ్ ఎచింగ్ (పై పొరను ఆమ్లంతో కరిగించడం) చేయించే ఇస్తాం. దీనివల్ల డెలివరీ పది రోజులు ఆలస్యమవుతుంది, రేటూ పెరుగుతుంది. ఇప్పటిదాకా అడిగినవాళ్లకే చేయిస్తూ వచ్చాం. అది మా పొరపాటే.

"వేడికి సాగదు కదా, ఇంకేం పగులుతుంది" అని చాలామంది అనుకుంటారు. ఈ పదార్థంలో 70–78 శాతం స్ఫటికాలు, ఒక్కోటి సుమారు 50 నానోమీటర్లు. మిగతాది గాజు. వేడికి ఒకటి ముడుచుకుంటే ఇంకోటి వ్యాకోచిస్తుంది, కలిపి చూస్తే మార్పు దాదాపు సున్నా. అంతవరకే దాని గొప్ప. పగులు పాకకుండా ఆపే శక్తి మాత్రం కిటికీ గాజు కన్నా కాస్తే మెరుగు, 0.9 దగ్గర (మెగాపాస్కల్ రూట్ మీటర్ లెక్కలో). వంటింట్లో గ్లాస్ సెరామిక్ స్టవ్ పలక చూడండి. వేడికి చలించదు, రోకలి జారిపడితే బీటలు వారుతుంది. ఉక్కయితే ఒత్తిడి ఎక్కువైనచోట కొంచెం సాగి సర్దుకుంటుంది, దీనికి ఆ సర్దుబాటు లేదు.

కాబట్టి అద్దం బలం డేటాషీట్‌లో ఉండదు. మా వజ్రపు చక్రం ఉపరితలం కింద వదిలిన పగుళ్లలో అన్నిటికన్నా లోతైనది ఎంత లోతో, దాన్నిబట్టి ఉంటుంది. పాకెట్లు తొలిచే డి151 చక్రంలో రేణువు 125–150 మైక్రాన్లు. పొడవాటి పగులు 100 మైక్రాన్ల లోతుంటే, లాగే ఒత్తిడి 45 మెగాపాస్కల్ దగ్గరికి రాగానే అద్దం విరుగుతుంది. లోతును 25 మైక్రాన్లకు తగ్గిస్తే బలం రెట్టింపు. పైగా అద్దం పెద్దదైనకొద్దీ ఎక్కడో ఓ చోట లోతైన పగులు ఉండే అవకాశం పెరుగుతుంది. అందుకే అరచేతంత నమూనా ముక్కల సగటు బలం అరమీటరు అద్దానికి పనికిరాదు.

ఆ 45 కూడా అప్పటికప్పుడు విరిగే లెక్క. ఏళ్ల తరబడి మోసే బరువుకు గాలిలోని తేమ తోడవుతుంది. పగులు మొన దగ్గర బంధాలను అది ఒక్కొక్కటిగా తెంపుతుంది. అద్దం ఆయుష్షు ఒత్తిడి మీద సుమారు 30వ ఘాతంతో ఆధారపడుతుంది. అంటే ఒత్తిడి పది శాతం పెరిగితే ఆయుష్షు పదిహేడో వంతుకు పడిపోతుంది. ఉపరితలం సంగతేమీ తెలియనప్పుడు 10 మెగాపాస్కల్ దాటొద్దన్న మోటు లెక్క అందుకే ఇంకా బతికుంది.

కొత్త వరుస ఇదీ. పాకెట్లను డి151తో తొలిచి 0.2 మిల్లీమీటర్లు మిగులుస్తాం. ఆ మిగులును ఇంకా సన్నటి రేణువున్న డి64 చక్రంతో తీసేసి, హైడ్రోఫ్లోరిక్ మిశ్రమంలో ఒక్కో ముఖం నుంచి 80 మైక్రాన్లు కరిగిస్తాం. పగుళ్ల మొనలు గుండ్రబడి గుంటల్లా మారతాయి, బలం 100 మెగాపాస్కల్ దాటుతుంది. రంధ్రం వ్యాసం మాత్రం 0.16 మిల్లీమీటర్లు పెరుగుతుంది, డ్రాయింగ్‌లో టాలరెన్స్ దాన్నిబట్టే ఇవ్వండి. పాకెట్ అడుగు మూలకు కనీసం 3 మిల్లీమీటర్ల రేడియస్ కావాలి. గాజులో మర (స్క్రూ థ్రెడ్) అడిగితే ఇకనుంచి చేయం.

ఎచింగ్ అయిన ముఖం మీద స్పానర్ ఒక్కసారి రాసుకున్నా చాలు, మీరు డబ్బు పెట్టి కొన్న బలం ఆ గీత దగ్గర పోయినట్టే. పార్సిల్ విప్పేముందు ఉంగరాలు, వాచీ తీసేయండి.

పాత అద్దాలున్నవాళ్లు ఎచింగ్‌కి పంపొద్దు. గ్రైండింగ్ చేసిన ముఖం మీద నొక్కుడు ఒత్తిడిలో ఉన్న సన్నని పొర ఉంటుంది, దానివల్ల అద్దం కొంచెం వంగి ఉంటుంది. ఆ వంపుతోనే ముందు ముఖానికి పాలిష్ జరిగింది. వెనక పొర ఇప్పుడు కరిగిస్తే వంపు వదిలి ముందు ముఖం ఆకారం చెడుతుంది. దాని బదులు టార్చి, పదింతల భూతద్దం తీసుకుని రంధ్రాల అంచులు చూడండి. అర్ధచంద్రాకారపు చిన్న పెచ్చు ఊడితే మా దగ్గరికి పంపండి, ఉచితంగా అంచు గుండ్రం చేసిస్తాం. పెచ్చు నుంచి లోపలికి వెంట్రుకంత గీత పోతుంటే ఆ అద్దాన్ని ఎత్తకండి, వాడకండి. ముందు ఫోన్ చేయండి.

బిగింపు గురించి కూడా ఓ మాట. 40 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్యాడ్ ఎపాక్సీతో అంటించి ఉంటే, 30 డిగ్రీలు చల్లబడగానే అది దాదాపు 28 మైక్రాన్లు ముడుచుకుంటుంది. అద్దం కదలదు. ఆ తేడా అంతా జిగురు అంచున గాజును లాగుతుంది. ఇన్‌వార్ (వేడికి చాలా తక్కువ సాగే ఇనుము-నికెల్ మిశ్రమం) అయితే ముడుచుకునేది రెండు మైక్రాన్లలోపే. ఇక మూడు బోల్టులతో పట్టేయడం సంగతి: చిలీలో కడుతున్న ఈఎల్‌టీ టెలిస్కోప్‌లో 798 ముక్కలు, ఒక్కోటి 50 మిల్లీమీటర్ల మందం, ప్రతిదాన్నీ 27 చోట్ల మోస్తున్నారు. అన్ని చోట్లు మీకు అక్కర్లేదు, కానీ బరువు పంచడం అక్కరే.

మేడ మీద టెలిస్కోప్ కోసం ఎనిమిది అంగుళాల అద్దం అడిగేవాళ్లకు మా సలహా బోరోసిలికేట్ గాజే. ఇంత ఖర్చు వద్దు.

కొత్త ఆర్డర్‌తో అద్దం బరువు, ప్యాడ్ల చోటు, రవాణాలో ఎన్ని జీల (భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల) కుదుపు, ఉష్ణోగ్రత హద్దులు రాసి పంపండి. ఇవి లేకుండా కొటేషన్ ఇవ్వం.