పేదరికం కనిపిస్తే పోయే పరువా మనది?

సంపాదకుడు గారికి,

విదేశీ సినిమాల్లో భారతదేశం గురించి గత ఆదివారం మీరు వేసిన వ్యాసమూ, దాని మీద వారమంతా వచ్చిన లేఖలూ చదివాను. "మన పేదరికాన్ని చూపించి దేశం పరువు తీస్తున్నారు" అన్న ఫిర్యాదు తప్ప వాటిలో మరొకటి కనబడలేదు. ఈ కోపం కొత్తది కాదు. మన పేదరికాన్ని చూపిన ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ డాక్యుమెంటరీలు ప్రసారం చేసినందుకు 1970లో ఢిల్లీలోని బీబీసీ కార్యాలయాన్నే మూయించారు. 1980లో రాజ్యసభ సభ్యురాలు నర్గీస్ దత్, సత్యజిత్ రే పేదరికాన్ని ఎగుమతి చేస్తున్నారని విరుచుకుపడ్డారు. ఆయన విదేశీయుడు కూడా కాదు!

నా అభ్యంతరం వేరు. పేదరికాన్ని చూపించడం తప్పు కాదు, దాని కారణాన్ని దాచడం తప్పు. ఆ విదేశీ దర్శకులు తెరంతా పసుపు రంగు పులుముతారు, ఇరుకు సందుల్లో పిల్లలను పరుగెత్తిస్తారు. ఎవరి పొలం పోయి ఆ కుటుంబం అక్కడికి చేరిందో, ఏ కులంలో పుట్టినందుకు ఆ పని అంటగట్టారో ఒక్క ముక్క ఉండదు. 8 ఆస్కార్లు తెచ్చుకున్న ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’లో కుర్రాడు గట్టెక్కేది టీవీ క్విజ్‌లో గెలిచి. తోలు పని, కుండల పని, పాత ప్లాస్టిక్ పని చేసి బతికే ముంబయి మురికివాడ ధారావి కుటుంబాల కష్టార్జితం ఆ కథకు పనికిరాలేదు. 1992లో వచ్చిన ‘సిటీ ఆఫ్ జాయ్’లోనైతే కలకత్తా రిక్షా కార్మికుడి బాధ చెప్పడానికి ఒక అమెరికా డాక్టరు కావలసి వచ్చాడు.

సరే, వాళ్ళు బయటివాళ్ళు. మన సంగతి ఏమిటి? నేను చెన్నైలోని పెరంబూరులో ఉంటాను. చెన్నై వీధులు ఊడ్చేవాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తరాల కిందట వలస వచ్చిన దళిత కుటుంబాలవి. 2025 ఆగస్టులో పారిశుద్ధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటుకు అప్పగించవద్దని నగరపాలక సంస్థ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చుంటే, అర్ధరాత్రి పోలీసులు వచ్చి ఖాళీ చేయించారు. ఉగాదికి వేదికలెక్కి భాషాభిమానం గురించి గంటల కొద్దీ మాట్లాడే మన తెలుగు సంఘాల పెద్దలు అప్పుడు అటువైపు వెళ్ళినట్టు నేను వినలేదు. వాళ్ళది తెలుగు కాదా?

అధికారులకు తెలిసిన విద్య కప్పిపుచ్చడం ఒక్కటే. 2020లో అమెరికా అధ్యక్షుడు వస్తున్నాడని అహ్మదాబాదులో బస్తీకి అడ్డంగా గోడ కట్టారు. 2023లో జీ20 కోసం ఢిల్లీలో బస్తీలు కనబడకుండా పచ్చటి గుడ్డలు కట్టారు. ఇక్కడ నగరం నడిబొడ్డున బతికేవాళ్ళను ఊరి చివరి కన్నగి నగర్‌కు, పెరుంబాక్కానికి తరలించి, పనిచోటు దూరమై ఉపాధి పోయిందని వాళ్ళు మొత్తుకుంటే పట్టించుకున్నవాళ్ళు లేరు. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను మురుగు గుంటల్లోకి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2023లో, ఆ గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచుతూ సుప్రీంకోర్టు తీర్పు ఇవ్వవలసి వచ్చింది. చట్టం అమలు చేయవలసినవాళ్ళు ఆ పదేళ్ళూ ఏం చేశారు? పరువు గురించి లేఖలు రాసినవారిలో ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు.

సినిమా చర్చకు ఇంకో పేజీ కేటాయించే బదులు మీ విలేకరిని ఆ కార్మికుల ఇళ్ళకు పంపండి. కాంట్రాక్టరు చేతికి ఇస్తున్న జీతం ఎంత, పీఎఫ్ కడుతున్నాడా, చేతి తొడుగులైనా ఇస్తున్నాడా అడిగించి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు వేయండి. చోటు చాలక ఈ లేఖను కత్తిరించవలసి వస్తే సినిమాల సంగతి తీసేయండి, కార్మికుల సంగతి మాత్రం ఉంచండి.

— ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై