కోళ్ల షెడ్డు ఊక గినీ పిగ్‌లకు పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు మొదలైతే చాలు, పిల్లల మారాం పడలేక, ఎలుక జాతికి చెందిన చిన్న పెంపుడు జంతువులైన గినీ పిగ్‌ల జత కొని తెచ్చే ఇళ్లు పట్టణాల్లో చాలానే ఉంటాయి. జతతో పాటు తీగల అడుగున్న పంజరం, సంచెడు రంపపు పొట్టో వరి ఊకో చేతిలో పెట్టి పంపే దుకాణాలూ తక్కువేం కాదు. ఏం తింటుందని అందరూ అడుగుతారు. కింద ఏం పరచాలని అడిగేవారు అరుదు. ఎగరడం, చెట్టెక్కడం, కలుగు తవ్వుకోవడం తెలియని ఈ జీవి పగలూ రాత్రీ నేలకు అంటిపెట్టుకునే ఉంటుంది. దాని ముక్కుకూ, అది మూత్రం పోసిన చోటికీ మధ్య దూరం రెండు అంగుళాలు. కింద పరిచినది మంచిదైతే కాళ్లూ ఊపిరితిత్తులూ బాగుంటాయి. చెడ్డదైతే ఎంత మంచి తిండి పెట్టినా లాభం ఉండదు.

ఊక పరిచే అలవాటు మనకు కోళ్ల ఫారాల నుంచి వచ్చింది. అక్కడ దాన్ని లిట్టర్ అంటారు, అక్కడికి అది సరిపోతుంది. బ్రాయిలర్ కోడి షెడ్డులో ఉండేది దాదాపు ఆరు వారాలే, పైగా దాని కాళ్లకు పొలుసుల తోలుంటుంది. గినీ పిగ్ అయిదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. దాని అరికాలి మీద వెంట్రుకలుండవు, మన పిల్లల అరచేయిలా మెత్తగా ఉంటుంది. ఊక పైపొరలో సిలికా ఎక్కువ కాబట్టి అంచులు గరుకుగా ఉంటాయి. అది నీటిని పెద్దగా పీల్చదు కూడా. మూత్రం సందుల్లోంచి జారి అడుగున నిలుస్తుంది. పైకి పొడిగా కనబడి, చేత్తో తోడి చూస్తే చిత్తడిగా ఉండేది ఇందుకే. మిల్లు ఊకలో తవుడూ దుమ్మూ కలిసి వస్తాయి, తేమ తగిలితే అవి బూజు పడతాయి. వేరుశనగ పొట్టుదీ ఇదే కథ. దానికి పట్టే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం అదనం.

కోళ్ల షెడ్డులో లిట్టర్ తడిస్తే సున్నం చల్లి కలియబెడతారు. అది చూసి గినీ పిగ్‌ల ట్రేలో సున్నం చల్లేవారున్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. తడి కాలికి సున్నం అంటితే చర్మం కాలుతుంది. వాసన తగ్గకపోగా పెరుగుతుంది కూడా, ఎందుకంటే క్షారం తగిలినప్పుడు లిట్టర్‌లోని అమ్మోనియా మరింత త్వరగా గాలిలోకి లేస్తుంది.

ఇక రంపపు పొట్టు. రంపం కోసేటప్పుడు రాలే మెత్తటి పొడి వేరు, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టలుగా వచ్చే పొట్టు వేరు. మొదటిది ఎవరికీ వద్దు. దాని దుమ్ము ముక్కులో చేరి తుమ్ములు మొదలవుతాయి. గినీ పిగ్ ముక్కుతోనే గాలి పీల్చే జంతువు, నోటితో ఊపిరి తీసుకోవడం దానికి చాలా కష్టం. ముదిరిన మగవాటికి ఈ పొడి జననాంగపు మడతల్లో ఇరుక్కుని వాపు కూడా వస్తుంది. చిత్రిక పొట్టు నయమే కానీ, అది ఏ కొయ్యదన్నది తెలియాలి. టేకు, రోజ్‌వుడ్ పొట్టు వడ్రంగులకే దురద, దద్దుర్లు తెప్పిస్తుంది. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టులో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురుంటుంది. మన సామిల్లుల్లో నాలుగైదు రకాల కొయ్య ఒకే కుప్పలో పడుతుంది. ‘ఏ కొయ్య?’ అని అడిగితే ‘మామూలు కొయ్యేనండి’ అన్న జవాబొస్తే ఆ సంచి అక్కడే వదిలేయడం మంచిది.

దేవదారు జాతి పొట్టు, వేడి గదుల్లో ఆరబెట్టని పైన్ పొట్టు ‘మంచి వాసన’ పేరు మీద అమ్ముడుపోతుంటాయి. ఆ వాసనే దాని దోషం. ఆ కొయ్యల్లోంచి ఎగిరే సుగంధ పదార్థాలు ఊపిరితిత్తుల్ని రేపుతాయి. ప్రయోగశాల ఎలుకలను అలాంటి పొట్టు మీద ఉంచితే వాటి కాలేయంలోని ఎంజైముల పనితీరు మారిపోతుందని 1960ల నుంచే తెలుసు. బట్టీలో బాగా ఆరబెట్టిన పైన్ పొట్టులో ఈ పదార్థాలు చాలావరకు పోతాయి. ప్యాకెట్ మీద ఆ మాట ఉండి, విప్పగానే ఘాటు కొట్టకుండా ఉంటే వాడవచ్చు. గుప్పెడు తీసి ఎండ పడే కిటికీ దగ్గర జారవిడిచి చూడండి. వెలుగులో పొగలా దుమ్ము లేస్తే అది పనికిరాదు. కొంచెమే లేస్తే పిండి జల్లెడలో జల్లించి, జల్లెడలో మిగిలినదాన్నే పరచండి.

ఎంత పరచాలన్న లెక్క కూడా చెప్పాలి. రెండు గినీ పిగ్‌లకు కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు స్థలం కావాలి, అంటే దాదాపు 120 × 60 సెంటీమీటర్లు. పొట్టు రెండంగుళాలకు తక్కువ కాకుండా పోస్తే దానికి 36 లీటర్లు పడుతుంది. మూడంగుళాలైతే 54 లీటర్లు. నీళ్ల బకెట్ 18 లీటర్లదైతే మొదటి లెక్కకు రెండు బకెట్లు, రెండో లెక్కకు మూడు. దుకాణంలో ఇచ్చే చిన్న సంచి ఈ స్థలంలో అడుగు కూడా కప్పదు. పల్చగా పరిచి వారం నడిపించడం వల్లే ఇల్లంతా వాసన వస్తోందన్న ఫిర్యాదులు.

ఖర్చూ వాసనా రెండూ తగ్గాలంటే గుడ్డల పద్ధతి మేలని మా అభిప్రాయం. దీనికి కావలసినవన్నీ మన ఊళ్లలోనే దొరుకుతాయి. ఫ్లెక్సీ బోర్డుల దుకాణంలో అమ్మే సన్‌ప్యాక్ షీటును (లోపల గుల్లగా ఉండే ప్లాస్టిక్ అట్టను) అయిదడుగులకు మూడడుగులుగా కోయించాలి. నాలుగు వైపులా ఆరంగుళాల దగ్గర కత్తితో సగం లోతు గీత గీసి, మూలలు కత్తిరించి పైకి మడిస్తే నాలుగడుగులకు రెండడుగుల నీరు కారని ట్రే తయారవుతుంది. మూలలు బయటివైపు టేపుతో అతికించాలి. లోపల అతికిస్తే కొరికేస్తాయి. అందులో మొదట ఎనిమిది పది పొరల పాత పేపర్లు పరవాలి. మీ పత్రికైనా సరే, సాదా పేజీలే వాడాలి, మెరిసే రంగుల అనుబంధాలు నీటిని పీల్చవు. పేపర్ల మీద నీటిని పట్టి ఉంచే పొర, అంటే రెండు మందపాటి టవళ్లు లేదా పసిపిల్లల కింద వేసే డ్రై షీటు. అన్నిటికన్నా పైన పాలిస్టర్ ఫ్లీస్ గుడ్డ, అంటే చలికాలపు దుప్పట్లకు వాడే మెత్తటి నూగు గుడ్డ. దాన్ని ట్రే కంటే అన్ని వైపులా ఆరంగుళాలు ఎక్కువ ఉంచి అంచులు కిందికి మడవాలి, లేకపోతే కిందికి దూరి అక్కడే కాపురం పెడతాయి. ఫ్లీస్ కత్తిరించినా పోగులు ఊడవు కాబట్టి కుట్టు అక్కర్లేదు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పొకటుంది. కొత్త ఫ్లీస్ తెచ్చి నేరుగా పరిచేస్తారు. మూత్రం దాని మీద పాదరసంలా బొట్లు బొట్లుగా నిలిచి, జంతువు కడుపు తడుస్తుంది. ‘ఫ్లీస్ దండగ’ అని ఆ గుడ్డను పారేస్తారు. కొత్త గుడ్డను వేడి నీళ్లలో మామూలు డిటర్జెంట్‌తో రెండు మూడు సార్లు ఉతికితే పైనున్న పూత పోతుంది, అప్పుడు నీరు పోగుల మధ్య నుంచి కిందికి జారుతుంది. చెంచాడు నీళ్లు పోసి చూడండి. కొన్ని సెకన్లలో దిగిపోయి, నిమిషం తర్వాత చేత్తో తాకితే పైభాగం ఇంచుమించు పొడిగా ఉంటే గుడ్డ సిద్ధమైనట్టు. బట్టలు మెత్తబడటానికి చివరి నీళ్లలో కలిపే ద్రవం మాత్రం ఎన్నడూ వాడకూడదు. అది పోగుల మీద పొరకట్టి గుడ్డను మళ్లీ మొదటికి తెస్తుంది. టర్కీ టవలు పై పొరగా వేయకండి, గోళ్లు దాని ఉచ్చుల్లో చిక్కుకుంటాయి. పాత నూలు చీర, పంచె కూడా పై పొరకు వద్దు. నూలు తడిని తనలోనే పట్టి ఉంచుతుంది, కాళ్లు ఆ తడిలోనే నానుతాయి.

గుడ్డ ఎన్నాళ్లు నిలుస్తుందన్నది గడ్డి పెట్టే చోటును బట్టి ఉంటుంది. గినీ పిగ్‌లు తింటూనే విసర్జిస్తాయి. ఒక్కొక్కటి రోజుకు వందకు పైగా పెంటికలు వేస్తుంది, వాటిలో ఎక్కువ గడ్డి బుట్ట కిందే పడతాయి. ఆ చోట అడుగున్నర పొడవు, అడుగు వెడల్పున్న పొట్టి ట్రే పెట్టి, దాంట్లో చిత్రిక పొట్టో కాగితపు గుళికలో పోసి, పైన తినే గడ్డి వేస్తే మురికిలో పెద్ద భాగం అక్కడే ఆగిపోతుంది. దాన్ని రోజూ మార్చాలి. మిగతా గుడ్డ మీది పెంటికలను చిన్న చీపురుతో పొద్దునా సాయంత్రం ఊడ్చుకుంటే మూడు నాలుగు రోజులకోసారి ఉతుకు సరిపోతుంది. మెషీన్‌లో వేసేముందు వెంట్రుకలు బాగా దులిపి, గుడ్డను దిండు గలేబులో వేసి మూతి కట్టాలి, లేదంటే వెంట్రుకలు నీళ్లు పోయే గొట్టాన్ని మూసేస్తాయి. వానాకాలంలో ఆరవు కాబట్టి మూడు జతలు ఉండాలి. సగం ఆరిన గుడ్డ పరచడం కంటే ఆ ఒక్కరోజుకు పేపర్లు మార్చి మార్చి వేయడమే నయం.

ట్రే అడుగున సున్నపు పొరలా తెల్లగా పేరుకునేది వాటి మూత్రంలోని క్యాల్షియం. నీళ్లతో పోదు. తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి పోసి, పావుగంట నానబెట్టి రుద్దితే వదులుతుంది. తర్వాత కడిగి ఎండబెట్టాలి. వెనిగర్‌లో బ్లీచింగ్ కలపకండి, విషవాయువు పుడుతుంది. ఫినాయిల్ వాసన మనకు శుభ్రంగా తోస్తుందేమో కానీ, దాని మీద పడుకునే ప్రాణికి అది మంట. చీమలు పడితే చీమల చాక్‌పీసు గీయవద్దు. పంజరం కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టే పాత పద్ధతి చాలు.

వాడకూడనివి మరికొన్ని. పిల్లులకు వాడే గడ్డకట్టే మట్టి లిట్టర్‌ను ఇవి కొరికి మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డుపడుతుంది. కొబ్బరి పీచు పొట్టు తడిసినన్నాళ్లూ ముద్ద, ఎండాక దుమ్ము. వరిగడ్డి ముక్కలు కళ్లలో గుచ్చుకుంటాయి. ఆఫీసు ష్రెడ్డర్ కాగితాలు ఒక రాత్రికి పనికొస్తాయి, కానీ స్టాప్లర్ పిన్నులు వెతికి తీయాలి. బిల్లు మెషీన్ కాగితాలు అసలే వద్దు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది తీగల అడుగు. పెంటికలు కిందికి రాలిపోతాయి, శుభ్రం చేయడం సులువు అని దుకాణాల వాళ్లు చెప్పేది నిజమే, ఆ సులువంతా మనకే. దాదాపు కిలో బరువు సన్నని తీగల మీద ఆని ఆని అరికాలు ముందు ఎర్రబడుతుంది, తర్వాత తోలు గట్టిపడి పగులుతుంది. ఆ పగులులోంచి స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా దూరి చీము పట్టి, ఎముక దాకా పోతుంది. దీన్నే బంబుల్‌ఫుట్ అంటారు. తడి లిట్టర్, ఎక్కువ బరువు, పెరిగిన గోళ్లు, విటమిన్ సి లోపం దీన్ని త్వరపెడతాయి. వారానికోసారి జంతువును వెల్లకిలా తిప్పి అరికాళ్లు చూడండి. ఎరుపుగా ఉన్నప్పుడే పడక మారిస్తే చాలావరకు తగ్గుతుంది. పుండైతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కుక్కకు వాడగా మిగిలిన అమాక్సిసిలిన్ వంటి మందు నోట్లో పోయకూడదు. పెన్సిలిన్ జాతి మందులు వీటి పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి, ప్రాణాల మీదికి తెస్తాయి. తీగల పంజరం ఇప్పటికే కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు. అడుగున సన్‌ప్యాక్ షీటు కోసి బిగించి, పైన చెప్పిన పొరలు వేస్తే చాలు. స్థలం సరిపోతుందో లేదో మాత్రం కొలుచుకోవాలి.

మన వాతావరణం గురించి రెండు మాటలు. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో పొట్టు సంచి విప్పాక మూత బిగించే డబ్బాలో పోసుకోవాలి. ముక్క వాసన వచ్చిందంటే ఎండబెట్టి వాడదామనుకోవద్దు. ఎండ తేమను తీస్తుంది కానీ బూజును పూర్తిగా తీయదు. వానాకాలంలో వెనుక భాగం తడిగా ఉన్న జంతువు మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. రోజూ చూసుకోవాలి. పిల్లలకు అంటుకునే తామర కూడా తడి పడకల మీదే బాగా పెరుగుతుంది. వేసవిలో గది 27, 28 డిగ్రీలు దాటితే ఇవి అల్లాడతాయి. అయినా ఎయిర్ కూలర్ నేరుగా పంజరం మీదికి తిప్పితే పొట్టంతా చెమ్మగిల్లుతుంది. ఫ్యాను వేసి, ఫ్లీస్ మీద ఒక పక్క చల్లటి టైలు పెడితే అవే వచ్చి దాని మీద పడుకుంటాయి. ఆదిలాబాద్ చలికాలంలో అయితే టైలు తీసేసి, మూలన ఫ్లీస్ సంచి పెట్టి, పొట్టు మరో అంగుళం పెంచాలి.

పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలని 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. తనిఖీకి వెళ్లే పశుసంవర్ధక శాఖ అధికారులు రిజిస్ట్రేషన్ కాగితంతో పాటు పంజరం అడుగును కూడా వంగి చూడాలని కోరుతున్నాం. దుకాణదారులు సంచి మీద అది ఏ కొయ్య పొట్టో రాసి అమ్మాలి. మీ పత్రిక ఆదివారం సంచికలో పశువైద్యుల చేత ఈ చిన్న జంతువుల గురించి ఒక శీర్షిక రాయించగలిగితే, వచ్చే వేసవికి ముందే మొదలుపెట్టండి. సెలవుల్లో కొన్నాక చదివేవారి కంటే, కొనేముందు చదివేవారికే అది ఎక్కువ పనికొస్తుంది.

ఇట్లు,
చిన్న జంతువుల పెంపకందారులు,
విజయవాడ