వైరల్ వీడియో కింద మా వీధి పేరైనా సరిగ్గా వేయండి

సంపాదకులకు,

సోషల్ మీడియా వచ్చి జర్నలిజం విలువలన్నీ మింగేసిందంటూ పోయిన ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ రోజే రాద్దామనుకున్నాను. కంటి ఆపరేషనై చుక్కలు వేసుకుంటున్నాను కాబట్టి ఇన్నాళ్ళు పట్టింది. అందులో సగం నిజమే. కానీ తప్పంతా ఫోను నెత్తిన రుద్దేసి, పత్రికలేమో గంజాయివనంలో తులసిమొక్కలన్నట్టు రాశారే, అక్కడే ఒళ్ళు మండింది.

మాది గోపాలపట్నం. 2020 మే 7న తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో స్టైరీన్ అనే విషవాయువు లీకైన సంగతి మాకు చెప్పింది ఫోనే. పేపరు చెప్పలేదని తప్పు పట్టను. మూడు గంటలప్పుడు లీకైతే అప్పటికే కట్టలు వ్యానెక్కి ఉంటాయి. ఆర్.ఆర్. వెంకటాపురం రోడ్డు మీద మనుషులు నడుస్తూ నడుస్తూ కుప్పకూలిపోవడం ఎవరెవరో తీసిన వీడియోల్లో చూసి, మేం తడిగుడ్డలు ముక్కుకి కట్టుకుని ఇంట్లోంచి బయటపడ్డాం. 12 మంది పోయారు. ఆ రాత్రి మళ్ళీ అదే ఫోను మోగింది. ఇంకోసారి లీకైందట, ట్యాంకు పేలిపోతుందట. పిల్లాజెల్లాతో జనం చీకట్లో రోడ్డున పడ్డారు. మా ఆవిడ బీపీ మాత్రలు వదిలేసి నా బండెక్కింది. లీకైందని ఒకరు, కాలేదని ఒకరు. మా వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి వచ్చిన మెసేజీలు నాలుగొందల పైమాటే. వాటిలో ఒక్కటీ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి, అడిగి, కనుక్కుని పెట్టింది కాదు.

ఆ గేటు దగ్గర నిలబడే పని మీది. దాన్ని మీరెందుకు వదిలేస్తున్నారన్నదే నా బాధ. ఇప్పుడు ఏ పేజీ తిప్పినా 'సోషల్ మీడియాలో వైరల్', 'నెటిజన్ల ఆగ్రహం'. ఎవరో ముగ్గురు పెట్టిన కామెంట్లు పోగేసి వార్త అంటున్నారు. ఆ కామెంట్లు నేను ముందు రోజే ఉచితంగా చదివేశాను, మళ్ళీ డబ్బులిచ్చి ఎందుకు చదవాలి?

మా వీధి సంగతే చెబుతాను. వేసవిలో కుళాయి నీళ్ళు వారం రోజులు టీ డికాషన్ రంగులో వచ్చాయి. మీ విలేకరికి ఫోన్ చేస్తే 'వీడియో ఉంటే వాట్సాప్ చెయ్యండి సార్' అన్నాడు. పాపం అతన్నీ అనలేను. వార్తకింత అని ఇచ్చే చిల్లరకి ఊళ్ళన్నీ తిరగాలి, పైగా దసరాకీ సంక్రాంతికీ యాడ్ల టార్గెట్టు. ఈలోగా ఎదురింటి కుర్రాడు గాజు గ్లాసులో ఆ నీళ్ళు పట్టి, పక్కన అసలు టీ గ్లాసు పెట్టి, ఏది ఏదో చెప్పుకోండి చూద్దాం అని 30 సెకన్ల రీలు వదిలాడు. మర్నాడే మనుషులొచ్చి పైపు తవ్వి బాగు చేశారు. ఆ తర్వాత మూడో రోజు మీ పేపర్లో ఆ రీలులోంచే తీసిన ఫోటో పడింది. కింద మాది కాని కాలనీ పేరు! 'నేటికీ తీరని నీటి కష్టాలు' అని హెడ్డింగు. అప్పటికి మా కుళాయిలో నీళ్ళు తేటగా వస్తున్నాయి. సవరణ వేయమని రెండు ఉత్తరాలు రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ కుర్రాడికి కామెంట్లో 'బాబూ, తేదీ తప్పు' అంటే పది నిమిషాల్లో మార్చాడు.

అధికారులు అంతకు మించి. అర్జీ పట్టుకెళ్తే కుర్చీ చూపించని వాళ్ళు ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ట్యాగ్ చేస్తే అర్ధరాత్రి 'నోటెడ్' అంటున్నారు. ఫోను లేని ముసలివాళ్ళు ఎక్కడ ట్యాగ్ చెయ్యాలి? ప్రెస్‌మీట్లు తగ్గి, ప్రెస్‌నోట్లు గ్రూపుల్లో పడుతున్నాయి. ఒకే నోటు, అవే అచ్చుతప్పులు, నాలుగు పేపర్లలోనూ. డెస్కులో దాన్ని చదివేవాళ్ళున్నారా అని అనుమానం. ళకి ల, ణకి న రాసినా ఎవరికీ పట్టదు.

యూట్యూబ్ ఛానళ్ళ గొడవ చెప్పనక్కర్లేదు. లోగో ఒకటి, బండి మీద ప్రెస్ స్టిక్కరు ఒకటి. ఇల్లు కట్టుకునేవాడి దగ్గరికొచ్చి ప్లాన్ ఉందా అని మైకు పెడతారు, కవరు అందాక మైకు మూస్తారు. ప్రెస్ కౌన్సిల్‌కి చెబుదామంటే దాని 1978 నాటి చట్టం పత్రికలకీ వార్తాసంస్థలకీ మాత్రమే వర్తిస్తుంది, అదీ మందలింపుతో సరి. కేంద్రం 2021లో తెచ్చిన ఐటీ రూల్స్‌లో డిజిటల్ వార్తలు వేసేవాళ్ళకి ఫిర్యాదుల అధికారి ఉండాలనీ, 15 రోజుల్లో తేల్చాలనీ రాసుంది. మా పేట ఛానలాయన ఫోనే స్విచ్చాఫ్, ఇక అధికారి ఎక్కడ?

పోలీసులు నయం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు గద్వాల జిల్లాలో కానిస్టేబుళ్ళు ఊరూరా తిరిగి, పాటలు కట్టి మరీ అదంతా అబద్ధమని జనానికి చెప్పారు. ఆ తిరగడం విలేకరుల చేత మీరెందుకు చేయించలేరు? జిల్లా పేజీలు తగ్గించి, పాతవాళ్ళని ఇంటికి పంపి, వెబ్‌సైటులో మాత్రం 'షాకింగ్' హెడ్డింగులు పెట్టుకుంటూ, ఆదివారం నాడు విలువల గురించి వ్యాసాలు!

మా వీధి సవరణ ఇంకా బాకీ ఉంది. రెండు లైన్లు చాలు, ఏ మూలనైనా ఫరవాలేదు. వేసిన రోజున ఫోటో తీసి మా గ్రూపులో నేనే పెడతాను.

— ముప్పై ఏళ్ళ చందాదారుడు, గోపాలపట్నం, విశాఖపట్నం